160 చదరపు అడుగుల ఇల్లు

సోషల్ క్లాసులో మా సారు చాక్‌పీసుతో నేల మీద ఒక గడి గీశారు. పొడవు 16 అడుగులు, వెడల్పు 10 అడుగులు. "ఇదే ఇల్లు. పదిమంది వండుకోవాలి, తినాలి, పడుకోవాలి. ఎట్లా పడుకుంటారో చూపించండి" అన్నారు. నవ్వుకుంటూ పోయి పడుకున్నాం. ఎనిమిదో వాడు కాళ్లు చాపేసరికి తొమ్మిదో వాడికి చోటు లేదు. ఇంటికెళ్లి చెబితే మా బాపమ్మ మాత్రం నవ్వలేదు. "పొయ్యి ఏడ పెట్టిండ్రు? మోరి ఏది? అవి పోంగ మిగిలిన జాగల పండాలె బిడ్డా" అన్నది.

సారు ఆ కొలత ఊరికే చెప్పలేదు. మన ముంబయిలోని బి.డి.డి. చాల్‌లలో ఒక్కో గది 160 చదరపు అడుగులే.

ఈ ఊళ్లో పేదల ఇళ్ల గురించి సర్కారు మొదట ఆలోచించింది జాలితో కాదు, భయంతో. 1896లో మాండవీలో ప్లేగు మొదలై ఊరంతా పాకింది. ఇరుకు ఇళ్ల వల్లే రోగం వస్తోందని 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టారు. ట్రస్టు పాత ఇళ్లు కూల్చి వెడల్పు రోడ్లు వేసింది. కానీ కూల్చినన్ని గదులు కట్టలేదు. ఇల్లు పోయినవాళ్లు పక్క వీధుల్లోనే ఇంకా ఇరుగ్గా సర్దుకున్నారు. ఈ నగరాన్ని కట్టిన కూలీల్లో మన తెలుగు కామాటీలు ఎందరో ఉన్నారు. కామాటిపురాకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

1920లో గవర్నరు జార్జి లాయిడ్ బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటును పెట్టాడు. బి.డి.డి. అంటే అదే. మిల్లు కార్మికుల కోసం 50 వేల గదులు కడతామన్నారు. ఖర్చు కోసం ఊళ్లోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద ఒక రూపాయి పన్ను వేశారు. చివరికి కట్టింది దాదాపు 16 వేలు. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివడీల్లో 207 బిల్డింగులు. ఒక్కోదాంట్లో 80 గదులు. సండాసులు అంతస్తుకు అందరికీ కలిపి.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటి ఉంది. వర్లీలో చాలా గదులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి! కార్మికుల జీతానికి అద్దె ఎక్కువ. మిల్లులు దూరం. గదుల్లో వెలుతురు రాదు. ఇళ్లు లేనివాళ్లతో నిండిన ఊళ్లో ఇళ్లు ఖాళీ. తర్వాత స్వాతంత్య్ర పోరాటంలో పట్టుబడినవాళ్లను పెట్టడానికి ఆ చాల్‌లను జైలుగా కూడా వాడారు.

1947లో అద్దె చట్టం వచ్చింది. అద్దెలను 1940 నాటి దగ్గరే ఆపేసింది. అప్పటికే గది ఉన్నవాళ్లకు మేలు జరిగింది. కానీ అద్దె పెరగదు కాబట్టి ఓనర్లు రిపేర్లు మానేశారు, అద్దెకివ్వడానికి కొత్త ఇళ్లు కట్టడమూ తగ్గించారు. తర్వాత వచ్చినవాళ్లకు దారేది?

మా తాత అట్లా తర్వాత వచ్చినవాడే. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో చేరాడు. సొంత ఖోలీ లేదు. చుట్టాల ఖోలీలో పడుకోవడానికి నెలకింత ఇచ్చేవాడు. రాత్రి పాళీవాళ్లు పగలు పడుకుంటే, పగటి పాళీవాళ్లు రాత్రి అదే చాప మీద పడుకునేవాళ్లట. బాపమ్మ వచ్చాక మధ్యలో చీర కట్టి అడ్డం చేశారు. 1982లో మిల్లుల సమ్మె మొదలైంది. సమ్మె పోయింది, పని పోయింది, కొన్నాళ్లకు ఖోలీ కూడా పోయింది.

మిల్లులు మూతపడ్డాక ఆ భూములేమయ్యాయి? 1991 రూల్ ప్రకారం, మిల్లు భూమిని అమ్మి వేరే కట్టడాలు కట్టాలంటే మూడో వంతు ఆటస్థలాల వంటి వాటికి, మూడో వంతు సామాన్యుల ఇళ్లకు ఇవ్వాలి. 2001లో దాన్ని మార్చారు. మిల్లు షెడ్లున్న స్థలం పోగా, ఖాళీగా ఉన్న భూమికే ఆ లెక్క అన్నారు. పరేల్‌లో షెడ్లు లేని భూమి ఎంతుంటుంది? 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పు చెల్లుతుందన్నది. ఇప్పుడు అక్కడ మాల్స్, టవర్లు కనిపిస్తాయి.

2025లో వర్లీ బి.డి.డి. చాల్‌వాళ్లకు మొదటి విడత కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. ఒక్కోటి 500 చదరపు అడుగులు, ఉచితంగా. చదివి వినిపిస్తే బాపమ్మ సంబరపడ్డది. "మంచిగైంది, వాండ్లన్న సుఖపడనీ" అన్నది. అట్లాంటి ఇల్లు రావాలంటే గది పాత కాగితాల మీద మన పేరుండాలి కదా, మన ఖోలీ ఎవరి పేరు మీద ఉండె అని అడిగాను.

"మన పేరు చాప మీదనే ఉండె బిడ్డా" అన్నది.

ఇప్పుడు మేం ఠాణే అవతల కిరాయికి ఉంటున్నాం. అగ్రిమెంటు 11 నెలలు. మార్చిలో అయిపోతుంది, అప్పుడే నాకు బోర్డు పరీక్షలు.