కాంతి తరంగమందలి క్షేత్రములు: వీనర్ ప్రయోగము

కాంతి విద్యుదయస్కాంత తరంగమను మాక్స్‌వెల్ సిద్ధాంతమునకు కొందఱు 1864ను, కొందఱు 1865ను సంవత్సరముగా నిత్తురు. రాయల్ సొసైటీలో వ్యాసము చదువబడినది మొదటి యేడు, అచ్చుపడినది రెండవ యేడు. శూన్యమున సాగు తరంగమందు విద్యుత్ క్షేత్రమును, అయస్కాంత క్షేత్రమును పరస్పరము లంబములై, గమనదిశకును లంబములై, ఏకకాలమున పరమావధి నంది, ఏకకాలమున శూన్యమగును. ఒకటి క్షీణించుచుండ మఱియొకటి వృద్ధినొందునను వర్ణన స్థిర తరంగములకే గాని సాగు తరంగములకు చెల్లదు. రెండు క్షేత్రముల శక్తియు సమానమే. చదరపు మీటరునకు 1,000 వాట్ల ఎండను ఏకవర్ణ తరంగముగా భావించినచో, విద్యుత్ క్షేత్రపు పరమావధి మీటరునకు సుమారు 870 వోల్టులు. అయస్కాంత క్షేత్రము 2.9 మైక్రోటెస్లాలు మాత్రమే. దక్షిణ భారతమందలి భూక్షేత్రము దీనికి పదిరెట్లు మించును.

ధ్రువిత కాంతియందలి స్పందనము ధ్రువణ తలమునకు లంబమని ఫ్రెనెల్, ఆ తలమందే కలదని నాయ్‌మన్, మకల్లా వాదించిరి. విద్యుత్ సదిశ మొదటివాని మతమునకును, అయస్కాంత సదిశ రెండవవారి మతమునకును సరిపోవుటచే, ఫోటో ఫలకమును నల్లబఱచునది ఏది యను ప్రశ్న మిగిలెను.

దీనికి 1890లో ఆటో వీనర్ ప్రకటించిన ప్రయోగము సమాధాన మిచ్చినది. వెండిపూత గల సమతల దర్పణముపై కాంతి లంబముగా పడి మరలినప్పుడు ఏర్పడు స్థిర తరంగములలో, దర్పణ తలమున విద్యుత్ క్షేత్రమునకు అస్పందన స్థానమును, అయస్కాంత క్షేత్రమునకు ప్రస్పందన స్థానమును ఏర్పడును. తరంగదైర్ఘ్యములో ఇరువదవ వంతునకైనను చాలని మందము గల సిల్వర్ క్లోరైడు పొరను దర్పణమునకు అత్యల్పకోణమున వాల్చి యుంచగా, అది ఆ స్థానములన్నిటిని వరుసగా ఖండించుచు పోయెను. కడిగి చూడగా నల్లని చారలు తేలినవి గాని, దర్పణమును తాకినచోట నలుపు లేదు; కావున ఫలకమును నల్లబఱచునది విద్యుత్ క్షేత్రమే. ధ్రువిత కాంతిని 45 డిగ్రీల పతన కోణమున పంపినప్పుడు, విద్యుత్ సదిశ పతన తలమునకు లంబమైననే చారలు కానవచ్చెను. ఆ తలమందే యున్నప్పుడు, పతన, పరావర్తిత సదిశలు పరస్పరము లంబములగుటచే, చారలు లేవు. ఈ రెండవ పరీక్షయే మొదటిదానికన్న బలీయమని తోచును.

అయినను, రసాయనక్రియ, నాడు కాంతికి మాధ్యమముగా భావింపబడిన ఈథరు గతిశక్తిపై ఆధారపడునో, స్థితిశక్తిపై ఆధారపడునో తెలియనందున ఫ్రెనెల్, నాయ్‌మన్‌ల వివాదము దీనితో తీరలేదని పొయన్‌కారే 1891లో ఆక్షేపించెను. ఈథరు విషయమున ఆ ఆక్షేపణ న్యాయమే. ఫలకమును గూర్చిన నిర్ణయమునకు మాత్రము దానివలన హాని లేదు. డ్రూడె, నెర్న్‌స్ట్‌లు 1892లో ప్రతిదీప్తి పొరతో అదే ఫలితమును పొందిరి. ఎలక్ట్రానుపై అయస్కాంత బలము, విద్యుద్బలములో, ఎలక్ట్రాను వేగమునకును కాంతి వేగమునకును గల నిష్పత్తి పాటిదే యగుట విద్యుత్ క్షేత్ర ప్రాధాన్యమునకు హేతువు. ఈ న్యాయమునకు అపవాదములు లేకపోలేదు: యూరోపియం అయాను సుమారు 590 నానోమీటర్ల యొద్ద వెలువరించు కాంతి అయస్కాంత ద్విధ్రువ సంక్రమణమువలన జనించునది.