జముకు నుంచి పెన్‌డ్రైవ్ దాకా: మన పాట వెనక వాయించేదెవరు?



పోయిన ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం రోజు, టెక్కలిలో మా హాస్టల్ వాళ్లం థింసా ఆడాం. మందస పైఊళ్ల నుంచి వాయించే పెద్దలు రాలేకపోయారు. ఫోన్లో ఉన్న ట్రాక్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి సౌండ్ బాక్సులకి ఇచ్చేశాం. గదిలో ఇయర్‌ఫోన్లో బానే ఉంది. స్టేజీ మీద మాత్రం తుడుము దెబ్బ రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు వినిపించింది. అడుగులు కలవలేదు. ముందు వరసలో కూర్చున్న ఓ మామ్మ "ఆడతన్నారేటర్రా, అడుగులు ఎతుకుతన్నారేటర్రా?" అనేసింది. నవ్వేశాం గానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఈ పోస్టు అందుకే.

ముందు మన దగ్గర సంగతి. జముకు అంటే ఒకవైపు తోలు కట్టిన డొల్ల, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ. తీగని లాగి పట్టుకుని మీటుతారు. బిగిస్తే శబ్దం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. కథకుడి గొంతు ఎటు పోతే అది అటే పోతుంది. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథతోనే రైతుకూలీల, గిరిజనుల కష్టాలు చెప్పారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో చనిపోయారు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, మేం చెప్పేది వాయిద్యం గురించే. జనం కదిలిపోతే కథకుడు ఆగుతాడు, జముకూ ఆగుతుంది. ట్రాక్ ఆగదు.

తర్వాత క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ఆపైన ఎంపీ3. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్లు తయారుచేశారు, 1995 జూలైలో ఆ పేరు పెట్టారు. గట్టి శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు కాబట్టి దాన్ని తీసేస్తే ఫైలు చిన్నదవుతుందని వాళ్ల లెక్క. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లుంటే, 128 ఎంపీ3లో దాదాపు పదకొండో వంతే. ఆ బృందంలోని కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ పరీక్షకి సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాయిద్యాల్లేకుండా పాడిన పాటని తీసుకున్నారు. మొదట్లో ఆ గొంతే పాడైపోయి వచ్చిందట! ఒంటరి గొంతుని మోసం చెయ్యడం అంత కష్టం.

రెండో కష్టం దెబ్బ. నిశ్శబ్దంలోంచి ఒక్కసారి పడే శబ్దాన్ని బాగా కుదిస్తే, దెబ్బ కంటే ముందే సన్నటి గరగర మొదలవుతుంది, దెబ్బ అంచు మొద్దుబారుతుంది. తుడుముదీ డప్పుదీ ఆ జాతి శబ్దమే. అడుగు వేసేది ఆ అంచు మీదే కదా.

అలాగని తప్పంతా ఎంపీ3 మీద తోసెయ్యలేం. 320లో ఒక్కసారి కుదిస్తే చాలామందికి తేడా తెలీదు. మేం చేసిందేంటంటే, వీడియోలోంచి లాగిన పాటని కత్తిరించి మళ్లీ సేవ్ చేశాం, గ్రూపుల్లో తిప్పాం, అక్కడ మళ్లీ కుదిరింది. కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది. దాన్ని వేవ్ ఫైలుగా మార్చినా పోయింది తిరిగి రాదు, సైజు పెరుగుతుందంతే (ఇది మేం చేసి చూశాం, సిగ్గు లేకుండా చెప్తున్నాం).

సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్లి పెద్దల తుడుము, కొమ్ము నేరుగా వేవ్‌లో రికార్డు చేశాం. పాటకి పాతిక ఎంబీ దాటింది, అయినా కుదించలేదు. వాటిని వినిపిస్తే తుడుము వాయించే తాత మొహం చిట్లించి, "నాను ఆడేవోళ్ల కాళ్లు సూసి వాయిత్తాను, ఇది ఎవుల కాళ్లు సూత్తాది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ట్రాక్‌లో కొమ్ము ఒక్కటే ఉంచి, తుడుము మాలో ఇద్దరం ఆయన దగ్గర నేర్చుకుంటున్నాం. చేతులు బొబ్బలెక్కాయి. మూడో వరస దగ్గర ఇంకా తప్పుతున్నాం.