ఆకూ వక్కా, ఓజీ కాయా

"అడకత్తెరలో పోకచెక్క" అని మనం ఇప్పటికీ అంటూనే ఉంటాం. ఈ మహాసభలకు విచ్చేసిన మిత్రులలో అడకత్తెరను కంటితో చూసినవారు ఎందరున్నారో గాని, మాట మాత్రం మనతో పాటే విమానమెక్కి వచ్చింది. 'అడక' అంటే వక్క. కన్నడంలో 'అడికె', మలయాళంలో 'అడక్క'. మలబారు తీరంలో దిగిన పోర్చుగీసువారు ఆ మలయాళ పదాన్నే పట్టుకెళ్ళి 'అరెకా' చేశారు. అక్కడే విన్న 'వెట్రిల' వారి నోట పడి చివరికి ఇంగ్లీషులో 'బీటెల్' అయింది. మన తెలుగులో మాత్రం 'అడక' విడిగా వాడుకలోంచి పోయి, పాపం, ఆ కత్తెరలోనే ఇరుక్కుని బతికింది.

తాంబూలం అన్న మాట సంస్కృతమేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆ పదం తూర్పు దిక్కున ఉన్న ఆస్ట్రో-ఆసియాటిక్ భాషల నుంచి సంస్కృతంలోకి వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. వక్క చెట్టు పుట్టిల్లు కూడా ఆగ్నేయాసియా వైపే. అంటే మనం అచ్చంగా మనదే అనుకునే మర్యాద ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినదే. ఇప్పుడు మరో రెండు సముద్రాలు దాటింది, అంతే.

ఈ ఆకుకు మన రాజుల కాలంలో ఉన్న విలువ తెలియాలంటే పరాయివాళ్ళు రాసిందే చదవాలి. మనకు అలవాటైన దాన్ని మనం రాసిపెట్టుకోం కదా! 14వ శతాబ్దంలో భారతదేశం చూసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఈ దేశంలో వెండి బంగారాలు ఇవ్వడం కంటే తమలపాకు ఇవ్వడమే పెద్ద గౌరవంగా ఎంచుతారని ఆశ్చర్యపోయాడు. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చాడు. అప్పటి రాజు ప్రౌఢ దేవరాయలు. మన శ్రీనాథుడు గౌడ డిండిమభట్టు కంచుఢక్కను పగలగొట్టించాడని చెప్పుకునేది ఆ రాయల కొలువులోనే. కొలువుకు వెళ్ళినప్పుడు రాయబారికి రెండు తమలపాకుల పొట్లాలు, ఐదు వందల పణాల సంచి, సుమారు ఇరవై మిస్కాళ్ళ కర్పూరం ఇచ్చి పంపేవారట. ఆయన తమలపాకు గుణగణాలను వివరంగా వర్ణించి, రాయల అంతఃపురంలో ఏడు వందల మంది స్త్రీలుండటానికి ఈ ఆకు మహిమే కారణం కావచ్చునని కూడా రాశాడు. రాయబారులకు వదంతులంటే ఎప్పుడూ మక్కువే.

రాజుకు తాంబూలం అందించే మనిషిని అడపం పట్టేవాడు అనేవారు. అడపం అంటే తాంబూలపు సంచి. ఇది నౌకరీ అనుకుంటే పొరపాటు. రాజు నోట్లో పెట్టుకునేది ఎవరి చేతిలో ఉంటే రాజు ప్రాణం వారి చేతిలో ఉన్నట్టే గనక, పరమ విశ్వాసపాత్రుడికి గాని ఆ పని దక్కేది కాదు. తంజావూరు నాయకరాజ్య స్థాపకుడు సేవప్ప నాయకుడు అచ్యుత దేవరాయల దగ్గర అడపం పట్టినవాడేనని చరిత్రకారులు రాస్తారు. 'అడప' అన్న ఇంటిపేరు మనలో నేటికీ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తిరగేస్తే మన పూర్వులు ఈ తాంబూలంతో ఎంత కాలక్షేపం చేశారో తెలుస్తుంది. పెద్దన గారి పేర చెప్పుకునే చాటువులో కవిత్వం రావడానికి కావలసిన సరంజామా జాబితా ఉందే, అందులో కప్పురవిడేనిదీ ఒక స్థానం.

అయితే నన్ను ఆకట్టుకున్నది రాజుల వైభవం కాదు. కాగితం, సంతకం లేని రోజుల్లో తాంబూలం చేసిన పని. పిల్లను ఇస్తామన్న మాటకు తాంబూలాలు పుచ్చుకోవడమే సాక్ష్యం. అది అయిపోతే వెనక్కి పోవడం లేదు. 1897లో అచ్చయిన గురజాడ వారి 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు, ఇల్లంతా ఏకమై ఏడ్చినా సరే, తాంబూలాలు ఇచ్చేశాను గనక ఇక తిరుగులేదని మొండికేస్తాడు. ఆ మాట తెలుగునాట సామెతై కూర్చుంది. నవ్వుకుంటాం గాని, ఒక పసిపిల్ల బతుకును రెండు ఆకులు, ఒక వక్క కట్టిపడేయగలిగిన కాలం అది. మంచి మాటకు ఎంత బలమిచ్చిందో, చెడ్డ మాటకూ తాంబూలం అంతే బలమిచ్చింది. ఉత్తర భారతంలో ముస్లిం కుటుంబాల్లో కోడలికి ఇస్తామన్న భత్యాన్ని 'ఖర్చ్-ఎ-పాన్‌దాన్', అంటే పాన్‌దాన్ ఖర్చు అనేవారు. మామగారు ఇస్తానన్న అలాంటి భత్యం కోసం ఒక బేగం వేసిన దావా లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1910లో ఆమే గెలిచింది. ఒప్పందాల చట్టం చదివే విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు.

ఇదంతా నేను వెతుక్కోవడానికి కారణం మా ఊరు ఫ్రిస్కోలో మా వీధి చివర ఉండే నైజీరియా కుటుంబం. వారు ఇగ్బోలు. గృహప్రవేశం లాంటి వేడుకకు పిలిస్తే వెళ్ళాం. భోజనాలకు ముందు ఒక చెక్క పళ్ళెంలో గులాబీ రంగు కాయలు తెచ్చారు. ఆ పళ్ళెం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఒక వరుసలో తిరిగింది. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది చుట్టరికాన్ని బట్టి నడుస్తుంది. వరుస తప్పితే మాటలు పెరుగుతాయట. మన అగ్రతాంబూలం తగాదాలు గుర్తుకొచ్చాయి! చివరికి అందరిలో పెద్దాయన కాయ చేతపట్టుకుని ప్రార్థన చేశారు. అప్పటిదాకా చక్కటి ఇంగ్లీషు మాట్లాడిన మనిషి ఒక్కసారిగా ఇగ్బోలోకి దిగారు. తర్వాత అడిగితే "కోలా కాయకు ఇంగ్లీషు రాదు" అన్నారు. అది వారిలో నానుడి.

ఆ కాయనే ఇగ్బోలు ఓజీ అంటారు. యొరుబాలు ఓబీ అంటారు, హౌసాలు గోరో అంటారు. పశ్చిమాఫ్రికా అడవుల్లో కాసే ఈ కాయ ఎండిన సహెల్ ప్రాంతాలకు వర్తక బిడారుల్లో చేరేది. నేటి ఘనాలోని సలాగా ఆ వర్తకానికి పేరుమోసిన సంత. హౌసా ముస్లింలలో నామకరణానికీ, పెళ్ళి మాటలకూ గోరో పంచాల్సిందే. ఇగ్బో ఆచారానికి మాత్రం రెండు బద్దల గోరో పనికిరాదు, ఎక్కువ బద్దలుండే వేరే రకం కావాలి. విరిచినప్పుడు ఎన్ని బద్దలొచ్చాయో లెక్క చూస్తారు. నాలుగొస్తే ఎకే, ఓరియే, ఆఫో, ఎన్క్వో అనే వారి నాలుగు సంతరోజులకు గుర్తు, శుభం. రుచి చూశాను, మొదట చేదు. ఇందులో కాఫీలో ఉండే కెఫీనే ఉంది.

చినువా అచెబె 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల మొదట్లోనే ఈ మర్యాద ఉంది. ఒకాయన బాకీ వసూలుకు వస్తాడు. అప్పుపడ్డవాడు ముందు ఓజీ తెచ్చి పెడతాడు. నువ్వు విరువంటే నువ్వు విరువని ఇద్దరూ కాసేపు ఒకరినొకరు గౌరవించుకున్నాకే బాకీ ఊసు. వచ్చినవాడు అప్పులవాడైనా సరే, ఆ కాయ విరిగాకే మాట మొదలు. మన వైపు తాంబూలం మాటను ముగిస్తుంది, వారిది మాటను తెరుస్తుంది. పోలికలన్నిటిలోనూ నాకు ముఖ్యంగా కనిపించిన తేడా ఇదే. మనది ఇచ్చి సాగనంపే మర్యాద, వారిది పెట్టి కూర్చోబెట్టే మర్యాద. కాని అతిథి ఒక బద్ద ఇంటికి పట్టుకెళ్ళి తనవాళ్ళకు చూపించే ఆచారం వారికీ ఉంది. ఓజీ ఇల్లు చేరితే ఎక్కడి నుంచి వచ్చిందో అదే చెబుతుందని వారి సామెత.

బానిసల ఓడల్లో ఈ కాయ కూడా అట్లాంటిక్ దాటింది. జమైకాలో నేటికీ దీన్ని 'బిస్సీ' అంటారు, అది ఘనా నుంచి వచ్చిన మాటే. 1886లో అట్లాంటాలో పెంబర్టన్ తయారుచేసిన పానీయం పేరులో సగం ఈ కాయదే. అంతకు ఏడాది ముందే మన టెక్సస్‌లోని వేకోలో పుట్టిన డాక్టర్ పెప్పర్, కోలా కాదని 1963లో కోర్టు తీర్పు తెచ్చుకుంది. ఆ కంపెనీ 2021లో ఫ్రిస్కోలో ప్రధాన కార్యాలయం పెట్టింది. అసలు ఓజీ మాత్రం మా వీధి చివర పళ్ళెంలో ఉందని వారికి తెలుసో లేదో.

ఒక రైలు మార్గం పేరు పెట్టుకున్న ఫ్రిస్కోలో 1990లో ఆరు వేల జనం. 2020 లెక్కల్లో రెండు లక్షలు దాటారు. అందులో మనవాళ్ళు ఎందరో శ్రావణ శుక్రవారం సాయంత్రం వీధుల్లో కార్ల వరుస చూస్తే తెలుస్తుంది. ఆకుతోటల్లో అవిసె చెట్లకు పాకే తీగ ఇక్కడ గరాజ్‌లో కుండీలో పెరుగుతోంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో చాలామంది తీగలు పోయాయి, మిగిలినవారు ముక్కలు పంచారు. తాంబూలం ఇప్పుడు జిప్‌లాక్ సంచీలో, రెండు ఆకులు, ఒక అరటిపండు, ఒక క్వార్టరు, వక్కకు బదులు ఎండు ఖర్జూరం. ఎవరూ నమలరు. నమలకపోవడమే మంచిది, అందులో నాకు సందేహం లేదు. పొగాకు కలపకపోయినా వక్క కాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కాన్సర్ పరిశోధనా విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. ఓజీ పళ్ళెం మాత్రం ఇంకా నోటికే వెళుతోంది.

అలా నమలడం పోయి, ఇవ్వడం మిగిలింది. మరి ఆ ఇవ్వడంలో పాత మాట బలం ఉందా? పిల్లలు అడిగితే "శుభం" అని తప్పించుకుంటాం. ఇది ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అని అడిగితే ఇంకా ఇబ్బంది. ఇగ్బో స్త్రీ కోలా విరవకూడదు. మన పేరంటంలో భర్త పోయిన స్త్రీ తాంబూలం వరుసలో ఉండకూడదు. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. నూటనలభై ఏళ్ళు దాటినా పళ్ళెం ఇంకా ఆ గడప దగ్గర తటపటాయిస్తోంది.

రెండేళ్ళ క్రితం ఒక ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పేరంటం మొదలవగానే ఎవరూ చెప్పకుండానే లేచి పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. అమెరికాలో పుట్టి పెరిగిన ఆ ఇంటి కోడలు వంటింటి దగ్గర నుంచి చూసింది. ఏమీ అనలేదు. అందరికంటే ముందు పళ్ళెం ఆ గదిలోకే తీసుకెళ్ళి, "అత్తయ్యా, మీరే పెద్దవారు, మొదట మీకే" అంది. హాలులో కాసేపు నిశ్శబ్దం. పెద్దావిడ చాలాసేపు ఆ ఆకుల వైపే చూశారు. కుంకుమ భరిణె పక్కకు జరిపి, రెండాకులూ పండూ తీసుకున్నారు. ఆకు తొడిమ తుంచి, ఈనె తీసి, చీర చెంగుతో తుడిచి, "వక్క లేకపోయినా సరేలే, కాస్త సున్నం ఉందా తల్లీ?" అని అడిగారు.

ఆ ఇంట్లో లేదు. ఆ సాయంత్రం ఆ వీధిలో మన ఇళ్ళన్నీ అడిగినా సున్నం దొరకలేదు.