ఒకే చీటీలో రెండు మందులు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునుండి వెలువడి, నారాయణగూడవైపు నడచుచు, ఒకనాటి సాయంకాలము మేమొక మందుల దుకాణముకడ ఆగితిమి. మాకు ముందు అశోక్‌నగరునుండి వచ్చిన ఒక పెద్దావిడ నిలిచియుండిరి. ఆమె వ్రేళ్లు కణుపులకడ వాచి, ఒకప్రక్కకు ఒరిగియున్నవి. చేతిసంచిలోని వైద్యుని చీటీ పైకి తీయుటకే ఆమెకు చాలసేపు పట్టినది. దుకాణదారు రెండు విధములైన మాత్రలను ఆమె ముందుంచి, "పిన్నిగారూ, ఇది సోమవారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో పొరపాటున కూడా వేసుకోకండి. ఈ రెండోది బుధవారం" అని, ఆ మాటలనే పొట్లముపై వ్రాసియిచ్చెను.

మొదటి మాత్ర పేరు మెథోట్రెక్సేటు. రెండవది ఫోలిక్ ఆమ్లము. ఇవి రెండును పరస్పర విరోధులు. మొదటిది రెండవదానిని అడ్డగించుటకే పుట్టినది. ఆ రెండింటి పుట్టుకయందును మన భీమవరమువాని చేయి కలదు. ఆ కథయే నేటి మా ప్రసంగ విషయము.

కీళ్లనొప్పులన్నియు ఒకటి కావని ముందుగా మనవిచేయవలసియున్నది. వయస్సు మీరగా మోకాటి కీలు అరిగి కలుగు నొప్పి వేరు. దానికి ఈ మందుతో పనిలేదు. మేము చెప్పునది రుమటాయిడ్ వాతము. శరీరరక్షణకై ఏర్పడిన శక్తియే దారితప్పి, కీళ్లలోని పలుచని పొరపై తిరుగబడుటచే ఇది కలుగును. ఉదయము నిద్రలేవగానే పిడికిలి ముడువలేకపోవుట దీని ప్రధాన లక్షణము. పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగ వచ్చును. మాధవకరుడు మాధవనిదానమున ఆమవాతమని వర్ణించినది ఇట్టిదేయని పలువురు వైద్యులు తలంతురు. ఇరువదవ శతాబ్ది మొదటి సగమున దీనికి చికిత్స యనదగినది మిక్కిలి స్వల్పము. ఆస్పిరిన్ నొప్పిని కొంత అణచెడిది. 1929లో ఫ్రాన్సు దేశమున ఫారెస్టియే అను వైద్యుడు బంగారపు లవణములను సూదిద్వారా ఎక్కించెను. కొందరికి మేలు కలిగినది. కొందరికి మూత్రపిండములు చెడినవి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుకొనిరి. వీరి అన్నగారు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధివలన మరణించిరి. ఆ వ్యాధియే వీరినికూడ పట్టి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే శాంతించినది. 1923 నాటికి వీరు అమెరికాలోని బోస్టను చేరిరి. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో మలమూత్రపాత్రలు కడుగు కొలువు. 1929లో ఫిస్కెతో కలిసి అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును వెల్లడించిరి. జర్మనీలో లోమన్ కూడ ఆ యేటనే దానిని కనుగొనెను. 1940లో న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధశాలయందు చేరిరి.

అచ్చట వీరి నాయకత్వమున సాగిన కృషి ఫలితముగ 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనది. దీని కథ సగము మన దేశముదే. బొంబాయిలో గర్భిణులకు వచ్చు పాండురోగమును పరిశీలించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టు సారముతో అది కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణమునకు మూలము ఫోలిక్ ఆమ్లమేయని పిదప తేలినది. సుబ్బారావుగారి యన్నను బలిగొన్న స్ప్రూ వ్యాధికికూడ అది మందైనది. యౌవనమున కావలసిన మందు ఏబదియవ యేట చేతికి వచ్చినది.

జీవకణము రెండగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలిన దొంగపదార్థమును చేసినచో, తాళములో ఇరుక్కొన్న మారుచెవివలె పని నిలిపివేయును. ఈ యూహతో లెడర్లీ బృందము అమినోప్టెరిన్‌ను, పిమ్మట దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటును తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతోనున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగ గుణము కనిపించినదని 1948 జూనులో ప్రకటించెను. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. కీళ్లవాతమును గూర్చి వారు తలంచిన జాడ లేదు.

ఆ మరుసటి నెల, 1948 సెప్టెంబరులో, మేయో వైద్యశాలయందు ఫిలిప్ హెంచ్ ఒక కీళ్లవాతరోగికి కార్టిసోన్ ఎక్కించెను. మంచముపట్టినవారు కొలది దినములలో లేచి నడచిరి. 1950లో హెంచ్‌నకు నోబెల్ బహుమానము లభించినది. ఇంతటి కోలాహలములో, 1951లో న్యూయార్కునుండి గబ్నర్, ఆగస్ట్, గిన్స్‌బర్గ్ అను మువ్వురు అమినోప్టెరిన్‌తో కీళ్లవాపు తగ్గుచున్నదని వ్రాసిన వ్యాసము ఎవరి చెవిని పడును? మందు మానగానే వాపు తిరిగివచ్చుచున్నదనికూడ వారు గమనించిరి. ఆ పరిశీలనయే మందునకు సాక్ష్యమని మా యభిప్రాయము. కాని క్యాన్సరుమందు కీళ్లకేలయని వైద్యలోకము వెనుదీసినది. కార్టిసోన్ ఎముకలను గుల్లచేయుననియు, ముఖమును ఉబ్బించుననియు తెలిసిన పిమ్మటకూడ ఈ వ్యాసమును తెరచినవారు తక్కువ.

సోరియాసిస్ అను చర్మవ్యాధికి మాత్రము చర్మవైద్యులు మెథోట్రెక్సేటును వాడుచుండిరి. కీళ్లవైద్యులలో పట్టువిడువనివాడు రెక్స్ హాఫ్‌మైస్టర్. అమెరికా పశ్చిమభాగమున స్పోకేన్ నగరములో వైద్యవృత్తి చేయుచు, తన రోగులకు వారమునకొకమారు స్వల్పమోతాదులో ఈ మందిచ్చి, 1972లో 29 మందిని గూర్చి చిన్న నివేదిక వెలువరించెను. 1983లో పదునైదేండ్ల యనుభవమును ప్రకటించెను. కాని అనుభవము నిరూపణము కాదు. ఈ వ్యాధి తనంతటతాను హెచ్చుచు తగ్గుచుండును. తగ్గిన వారము వేసికొన్న మాత్రకే కీర్తి దక్కును.

ఆ నిరూపణము 1985లో వచ్చినది. బోస్టనులోనే వైన్‌బ్లాట్ ప్రభృతులు 35 మంది రోగులను తీసికొని, కొందరికి 12 వారములు మెథోట్రెక్సేటును, కొందరికి మందులేని ఉత్తమాత్రను ఇచ్చిరి. తరువాతి 12 వారములు తారుమారు చేసిరి. ఎవరు దేనిని మ్రింగుచున్నారో రోగికిని తెలియదు, పరీక్షించు వైద్యునికిని తెలియదు. మందు పుచ్చుకొన్న కాలమున వాపును నొప్పియు తగ్గినవి. ఉత్తమాత్రకు మారగానే తిరుగబెట్టినవి. 1951 వ్యాసము చెప్పిన మాటయే ఇది. నడుమ 34 సంవత్సరములు గడచినవి. 1988లో అమెరికా ప్రభుత్వము కీళ్లవాతమునకు ఈ మందును అంగీకరించినది. ఆ నడిమికాలమున వ్రేళ్లు వంకరవోయినవారి లెక్క ఏ నివేదికయందును లేదు.

ఇక రెండవ మాత్ర సంగతి. మెథోట్రెక్సేటుచే నోటిపూత, వికారము మున్నగునవి కలుగుచుండగా, అమెరికాలోని అలబామాలో సారా మోర్గన్ మొదలగువారు రోగులకు ఫోలిక్ ఆమ్లముకూడ ఇచ్చి చూచిరి. విరోధి విరోధిని హరింపదా యని సందేహము సహజమే. 79 మందిపై జరిపి 1994లో ప్రకటించిన పరిశోధనలో బాధలు తగ్గినవి. మందు గుణము చెడలేదు. స్వల్పమోతాదులో మెథోట్రెక్సేటు పనిచేయు మార్గము వేరనియు, అది వాపును అణచు అడినోసిన్‌ను కణములనుండి వెలువరించుననియు పరిశోధకులు భావించుచున్నారు. సుబ్బారావుగారు 1929లో పట్టిన పదార్థమునందలి ఆ అడినోసినే మరల ఎదురైనది!

అయినను ఇది విషమే. వారమునకొకమారు వేయవలసినది దినదినము వేసికొని, రక్తము క్షీణించి ప్రాణములు కోల్పోయినవారు పెక్కు దేశములలో కలరు. గర్భిణులు దీనిని తాకరాదు. రక్తమును, కాలేయమును అప్పుడప్పుడు పరీక్షింపవలెను. దుకాణదారు ఒకే మాటను రెండుమార్లు చెప్పి, పొట్లముపై వ్రాసియిచ్చుట అందులకే.

ఆనాడు మేము ఆ పెద్దావిడతో, ఈ రెండు మందులవెనుక నున్నవారు సుబ్బారావుగారని చెప్పితిమి. ఆమె పొట్లమును సంచిలో వేసికొనుచు, "ఏ ఊరండీ వారిది?" అని యడిగిరి.

"భీమవరమండీ."

"అయ్యో, మాది పాలకొల్లే" అని, మరల ఆ పొట్లమును పైకితీసి ఒకమారు చూచుకొనిరి.