తాకత్ సరే, పట్టు ఏది?

మొన్నటి వానాకాలంలో మా భాంజా ఓ సెకండ్ హ్యాండ్ టర్బో సెడాన్ కొన్నాడు. "మామూ, కూర్చోండి, దీని తాకత్ చూపిస్తా" అంటూ మొయినాబాద్ వైపు నుంచి చిల్కూరు దారిలోకి తిప్పాడు. సన్నగా జల్లు పడుతోంది. మలుపు సగంలో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. ముందు టైర్లు కీచుమన్నాయి, స్టీరింగ్ ఓ పక్కకు గుంజింది. బండి మలుపు తిరగకుండా తిన్నగా రోడ్డు అంచు దాటి మట్టిలో ఆగింది. ఖైర్, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనక సీట్లో మా ఆపా ఉంది. ఇల్లు చేరేదాకా ఆమె నోట మాట రాలేదు.

ఆ రాత్రి భాంజా తజ్వీజ్ ఏమిటంటే, "స్ప్రింగులు మార్పించి బండిని రెండు అంగుళాలు కిందికి దించేస్తే సరి, మామూ." వాడికి జవాబు చెప్పాలంటే కాస్త తారీఖ్ తిరగేయాలి.

1908లో మూసీ తుఫాను హైదరాబాద్‌ను ముంచేశాక కట్టిన చెరువులు రెండు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. చిల్కూరు ఆ నీళ్ల పరిసరాల్లోని ఊరే. దగ్గర్లోనే, మర్రిచెట్ల నీడన చేవెళ్ల మీదుగా సాగే బీజాపూర్ రోడ్డు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ జమానా బస్సులైనా, తర్వాత మా అబ్బా నడిపిన అంబాసిడర్ అయినా కాయిదా ఒక్కటే. ఇంజన్ ముందు, తోసేది వెనక చక్రాలు. దారి చూపడం ముందు చక్రాల పని, నెట్టడం వెనక చక్రాల పని. వెనక కమాన్ కట్టలు మోటుగా ఉన్నా, ఎవరి పని వాళ్లదే కాబట్టి పేచీ తక్కువ.

ముందు చక్రాలతోనే బండిని లాగించాలనే ఖయాల్ పాతదే. ముష్కిల్ ఎక్కడంటే, పక్కకు తిరిగే చక్రానికే ఇంజన్ బలం కూడా అందాలి. అలా తిరుగుతూనే ఒకే వేగంతో బలం అందించే జాయింట్‌కు 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా రూపం ఇచ్చాడు. మన మెకానిక్‌లు సీవీ జాయింట్ అనేది దాన్నే. 1934లో ఫ్రాన్స్‌లో ఆంద్రే సిట్రోయెన్ ముందు చక్రాల సెడాన్‌ను పెద్ద ఎత్తున బజారులోకి తెచ్చాడు. కింది మట్టంలో కూర్చున్న ఆ బండి రోడ్డును బాగా పట్టుకునేది. దాని తయారీ ఖర్చుకు కంపెనీ దివాలా తీసింది, మరుసటి ఏడాదే ఆయన ఇంతెకాల్ అయ్యాడు. కంపెనీ టైర్లు చేసే మిషలిన్ చేతికి పోయింది. 1956 సూయెజ్ గొడవతో పెట్రోలుకు కరువొస్తే, అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా పెట్టి 1959లో మినీ తెచ్చాడు. ఆ చిన్న బండి 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. మన మధ్యతరగతి ఇళ్లకు ఈ పద్ధతి 1983 డిసెంబరులో మారుతి 800తో వచ్చింది. 2004కల్లా ఆక్టేవియా ఆర్ఎస్ వంటి సెడాన్లు 150 హార్స్‌పవర్‌ను ఆ రెండు ముందు చక్రాల మీదే పెట్టాయి.

అసలు మసలా ఇక్కడే ఉంది. టైరు పట్టు ఇంటి తన్ఖా లాంటిది. పిల్లల ఫీజుకు అంతా ఖర్చయితే ఇంటి కిరాయికి మిగలదు. లాగడానికే పట్టంతా వాడితే తిరగడానికి మిగలదు. పైగా యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి జరిగి ముందు చక్రాలు తేలికవుతాయి. మలుపులో లోపలి చక్రం మరీ తేలిక. మామూలు డిఫరెన్షియల్ ఆ తేలిక చక్రాన్నే వృథాగా తిప్పేస్తుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది, కానీ దాని ఖర్చు అందరూ భరించేది కాదు.

మర్నాడు బండిని నాకు పరిచయమున్న ఓ ముసలి ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు బానెట్ ఎత్తలేదు. టైరు పక్కన అచ్చేసిన నాలుగు అంకెలు చదివాడు. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. టైర్లకు ఏడేళ్లు. రబ్బరు గట్టిపడి గోరు కూడా దిగడం లేదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగాయి, ముందు షాకబ్జార్ నూనె కారుతోంది.

"దించేద్దాం, ఉస్తాద్" అన్నాడు భాంజా.

"దించితే గుంతలో చక్రానికి ఆడే జాగా ఏది, బేటా? స్ప్రింగు ఆఖరిదాకా నొక్కుకుని బండి ఎగురుతుంది, టైరు రోడ్డు వదిలేస్తుంది. స్ప్రింగు కోయించుకోవడమైతే మరీ ఖతర్నాక్" అన్నాడాయన.

ఆయన చెప్పిన తర్తీబ్ ఇది. ముందు మంచి టైర్లు, సరైన గాలి. తర్వాత బుష్‌లు, నాలుగు షాకబ్జార్లు, చివర వీల్ అలైన్‌మెంట్. ఎత్తు కంపెనీ ఇచ్చినంతే. ఇంకా షౌక్ మిగిలితే వెనక కాస్త మందమైన యాంటీ రోల్ బార్. అది మలుపులో వెనక భాగం ఒరగడాన్ని తగ్గించి ముందు టైర్ల భారాన్ని కొంత తనమీద వేసుకుంటుంది. మరీ గట్టిదైతే వానలో వెనక చక్రాలే జారతాయి. భాంజా అక్కడికి పోలేదు, మొదటి నాలుగు పనులతోనే ఆగాడు.

నెల తర్వాత మళ్లీ చిల్కూరు దారి, అదే మలుపు, అదే జల్లు. వాడు మలుపుకు ముందే వేగం తగ్గించాడు, స్టీరింగ్ తిన్నగా అయ్యేదాకా సబర్ పట్టాడు, అప్పుడు మెల్లగా తొక్కాడు. బండి గుంజలేదు, కీచుమనలేదు. ఆపా ఏమంటుందో అని వెనక్కి తిరిగి చూశాను. కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.