పోర్టరు కూలి, మన ఆఫీసు అద్దె

అమెరికాలో ఆఫీసు అద్దెకు తీసుకున్నవాళ్ళకి ఏడాది తిరిగేసరికి ఓనరు నుంచి ఓ లెక్క వస్తుంది. ఆపరేటింగ్ ఎక్స్‌పెన్సెస్ అంటారు. లాబీ తుడిచేవాళ్ళ జీతాలు, కరెంటు, మంచు ఎత్తించిన ఖర్చు... ఆ వరసలో ఎక్కడో వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం కూడా నక్కి ఉంటుంది. ఓనరు మనిషి నిచ్చెన మీంచి పడితే ఇచ్చే పరిహారానికి ఇన్సూరెన్సు కట్టేది అద్దెకున్న మనమన్నమాట! ఓ లీజులో ఈ ముక్క చూశాక దీని చరిత్ర తవ్వాలనిపించింది.

1910లో న్యూయార్కు రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రమాదకరమైన పనుల్లో దెబ్బ తగిలితే, తప్పు యజమానిదైనా కాకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే. 1911 మార్చి 24న ఐవ్స్ కేసులో రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని కొట్టేసింది. తప్పు చెయ్యనివాడి చేత డబ్బు కట్టించడం రాజ్యాంగ విరుద్ధమట. సరిగ్గా మర్నాడే ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది పోయారు. ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలు. (ఆ ఫ్యాక్టరీ కూడా యాష్ బిల్డింగులో పై మూడు అంతస్తులు అద్దెకు తీసుకుని నడిపిందే.) 1913లో రాజ్యాంగాన్ని సవరించి 1914లో కొత్త చట్టం తెచ్చారు. 1917లో అమెరికా సుప్రీంకోర్టు సరేనంది.

దీని వెనకున్న వాదన సింపుల్. చొక్కా కుట్టేటప్పుడు చెయ్యి పోతే ఆ ఖర్చు చొక్కా ధరలో కలవాలి. మరి బిల్డింగు ఓనరు అమ్మే సరుకేమిటి? అద్దె!

న్యూయార్కు ఓనర్లు ఇంకో అడుగు ముందుకేసి 'పోర్టర్స్ వేజ్' క్లాజు కనిపెట్టారు. యూనియన్ ఒప్పందంలో పోర్టరు గంట కూలి ఒక సెంటు పెరిగితే చదరపు అడుగుకి ఏడాది అద్దె కూడా ఒక సెంటు పెరుగుతుంది. పదివేల అడుగుల ఆఫీసుంటే, గంటకి డాలరు పెరిగినందుకు ఏడాదికి పదివేల డాలర్లు. ఫ్రింజ్ బెనిఫిట్స్‌తో కలిపి అని రాస్తే ఈ ఇన్సూరెన్సూ ఆ కూలిలోకే చేరచ్చు. ఓనరు ఖర్చు నిజంగా ఎంత పెరిగిందన్నది అనవసరం. 1978లో ఆక్మీ క్విల్టింగ్ కేసులో, ఇలాంటి క్లాజుని రాసుకున్నది రాసుకున్నట్టే అమలు చెయ్యాలంది అదే కోర్టు.

నాకు ఒళ్ళు మండేది వేరే చోట. ప్రమాదాలెక్కువైతే ప్రీమియం పెరుగుతుంది, యజమాని జాగ్రత్తపడాలని. ఆ బిల్లు అద్దెదారు మీదకి తోసేశాక ఓనరుకేం పట్టింది, నిచ్చెన ఊగితే? పైగా ప్రీమియం మొదట అంచనా మీద కడతారు, ఏడాదయ్యాక అసలు జీతాలతో ఆడిట్ చేస్తారు. ఎక్కువ కట్టినది ఓనరుకి వాపసొస్తుంది. అందులో మన వాటా మనకివ్వాలని లీజులో ముందే రాయించుకోకపోతే, ఆ వాపసు సంగతి మనదాకా వస్తుందన్న నమ్మకం నాకైతే లేదు.