అతుకు చోట తేమ

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీ ప్రభువుల నాటిది. చెరువు కట్టలను కనిపెట్టుకొని ఉండే రైతులకు ఒక సత్యము అనుభవము వలన తెలుసు. కట్ట నడుమ మట్టి గట్టిగానే ఉంటుంది. మట్టికట్టయు రాతి తూమును కలిసే చోటనే తరచుగా నీరు ఊరనారంభిస్తుంది. విద్యుత్తీగెల చరిత్ర కూడా ఈ సత్యమునే చెప్పుచున్నది. చెరువునుండి నీటిని వెలికి పోనీయరాదు. తీగెలోనికి నీటిని రానీయరాదు. రెండింటను అపాయము పొంచి ఉండేది అతుకు చోటనే.

పొడి గాలి గాని, రబ్బరు గాని, పొడి కాగితము గాని విద్యుత్తును తమగుండా పోనీయవు. లవణములు కరిగిన నీరు పోనిస్తుంది. తీగె ఎంత మంచిదైనను, అతికే వేళ దాని తొడుగును మన చేతులతోనే ఒలువవలసి ఉన్నది. ఒలిచిన దానిని మరల మునుపటివలె కప్పగలిగితిమా లేదా అన్నదే ప్రశ్న. వెనుకటి రేడియో గృహస్థులకు ఇది చెవులారా తెలిసిన విషయము. డాబామీది ఏరియల్ ముడికి చిలుము పట్టినదంటే సెట్టులో కరకరలు వినవచ్చేవి.

మన దేశములో ఈ పోరాటము 1839లో మొదలైనది. కలకత్తా వైద్య కళాశాలలో రసాయన శాస్త్రాచార్యుడైన విలియం ఓషానెస్సీ అను ఐరిష్ వైద్యుడు ఆ ఏట హుగ్లీ నది నీటిలో తీగెను ముంచి సంకేతములు పంపినాడు. తీగెకు తారు పట్టించిన నారను చుట్టి, చీల్చిన పేము బెత్తముల నడుమ బంధించినాడు. కొత్త విద్యకు ఆయన వాడినవి పడవలవారు ఎరిగిన సామగ్రియే.

1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరు వైపు తంతి మార్గము పనిచేయసాగినది. అందులో భూమిలో పాతిన భాగమునకు ఓషానెస్సీ వాడినది తీగె కాదు, ఇనుప కడ్డీ. ఒకటొకటిగా అతికిన కడ్డీలకు, కరిగిన తారులో తడిపిన మద్రాసు గుడ్డను రెండు పొరలుగా చుట్టించినాడు. ఇంటికప్పు పెంకులను వరుసగా పేర్చి, వాటిలో ఇసుకయు గుగ్గిలమును కలిపి కరిగించిన పాకము పోసి, కడ్డీని అందులో ఉంచి, పైన మరల అదే పాకముతో నింపించినాడు. మన ఇండ్ల పెంకులు, మన అంగళ్ల గుగ్గిలము, మన తీరపు బట్ట కలిసి భారతదేశపు తొలి తంతికి కవచమైనవి.

ఇంతలో మలయా అడవులలో ఒక చెట్టు పాలనుండి తీసే గట్టాపర్చా అను పదార్థము నీటిని సహించునని తేలినది. దానిని తొడిగి సముద్రగర్భమున తీగెలు వేయసాగినారు. 1858లో రెండు ఓడలు అట్లాంటిక్ మహాసముద్రము నడుమ కలిసి, తాము తెచ్చిన తీగె కొనలను అతికి, చెరియొక దిక్కునకు సాగిపోయినవి. ఖండముల మధ్య సందేశములు నడిచినవి గాని, కొన్ని వారములలోనే ఆ తీగె మూగవోయినది. లోపముల వలన బలహీనమై ఉన్న తొడుగు, అధికమైన విద్యుత్ పీడనమునకు తాళలేకపోయినది. నిలకడగల మార్గము 1866లో గాని ఏర్పడలేదు.

నగరములకు విద్యుద్దీపములు వచ్చిన వెనుక సమస్య మరింత పెరిగినది. లండనుకు పది వేల వోల్టుల విద్యుత్తును పంపుటకు ఫెరాంటీ అను ఇంజనీరు 1890 ప్రాంతమున ఖనిజపు మైనములో తడిపిన కాగితమును చుట్టిన రాగిగొట్టములను వాడినాడు. ఒక్కొక్క గొట్టము పొడవు 20 అడుగులే. అనగా 20 అడుగులకు ఒక అతుకు! కొనలను శంకువువలె చెక్కి, ఒకదానిలో మరొకదానిని బిగించి, వేలకొలది అతుకులను నిలబెట్టినాడు.

టెలిఫోను కేబులులోనూ కాగితమే తొడుగైనది. వందలకొలది సన్నని రాగితీగెలు, ఒక్కొక్కదానికి పొడికాగితపు చుట్టు, అన్నిటిపైన సీసపు గొట్టము: ఇది అనేక దశాబ్దములు సాగిన పద్ధతి. కాని కాగితము తేమను ఆత్రముతో త్రాగుతుంది. అందుచేత అతికే పనివాడు గుంతపై గుడారము వేసుకొనేవాడు. చేతి చెమట అంటకుండ జాగ్రత్తపడేవాడు. కేబులునుండి ఒక కాగితపు పీలికను తీసి వేడి మైనములో వేసి చూచుట ఒక పరీక్ష. చిటపటలాడి నురుగు లేచినదా, లోన తేమ ఉన్నట్లే. అప్పుడు తీగెలపై వేడి మైనము పోసి తేమను వెడలగొట్టేవారు. చివరకు సీసపు తొడుగు వేసి, కరిగిన లోహమును గుడ్డతో చుట్టూ నునుపుగా తుడిచి మూసేవారు. ముఖ్యమైన కేబులులలోనికి పొడిగాలిని ఒత్తిడితో ఎక్కించుట మరొక ఉపాయము. తొడుగునకు రంధ్రము పడినను గాలి వెలికి పోతుందే గాని నీరు లోనికి రాదు.

తరువాత పాలిథీన్ తొడుగు, తీగెల సందులను నింపే జెల్లీ వచ్చినవి. 1952లో వంగదేశపు రూప్‌నారాయణ్‌పూరులో స్థాపితమైన హిందుస్తాన్ కేబుల్స్ సంస్థకు దరిమిలా హైదరాబాదులోనూ కర్మాగారము ఏర్పడినది. గాజుపోగు కేబులులు, సెల్‌ఫోనులు ప్రబలి రాగితీగెకు గిరాకి తగ్గినది. 2016లో ఆ సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గము అంగీకరించినది. అయినను అతుకు సమస్య తీరలేదు; గాజుపోగుకు సైతము నీరు చొరని పెట్టెలోనే అతుకు వేయవలెను.

నాగార్జునసాగరు బాటమీది మన్నెగూడ వంటి ఊళ్లలో ఈ చరిత్ర అంతయు ఒక్క బోరుబావిలో ఇమిడి ఉన్నది. రాతినేలలో తొలిచిన బోరులోనికి దింపే సబ్‌మర్సిబుల్ మోటారు నీటిలోనే పనిచేయవలెను; దాని తీగెలకును పైనుండి వచ్చే కేబులునకును వేసిన అతుకు కూడ నీటిలోనే మునిగి ఉండవలెను. అది చెడినచో మోటారు కాలుతుంది. దానిని పైకి తీయించి బాగుచేయించులోగా పైరు ఎండిపోతుంది. ఎర్తు సరిగా లేని చోట పైపునో స్టార్టరునో ముట్టిన మనిషి ప్రాణమునకే ముప్పు.

కావున మూడు తీగెల అతుకులను ఒకేచోట గాక మెట్లుమెట్లుగా వేయుట, రాగిని శుభ్రపరచి గట్టిగా బిగించుట, దానికదే అంటుకొనే రబ్బరు టేపును సాగదీసి సగము సగము కప్పునట్లు చుట్టి, పైన మరొక పొర వేయుట అవసరము. బోరులో దింపుటకు ముందు అతుకును బకెట్టు నీటిలో కొంతసేపు ముంచి మెగ్గరుతో పరీక్షింపవలెను. ఓషానెస్సీ హుగ్లీలో చేసినదీ ఇట్టి పరీక్షయే.

బోరులోని అతుకునకు ఈ పాటి శ్రద్ధ చూపే మనము పొలముగట్టున పడిఉన్న తీగెను మాత్రము ఏమరుతాము. ఎక్కడనో తెగిన తీగెను మెలివేసి, పాత గుడ్డనో ప్లాస్టిక్ సంచినో చుట్టి గడ్డిలో వదలుట చూస్తూనే ఉంటాము. తొలకరి వాన పడినంతనే ఆ గుడ్డ నీటిని నిలువచేసే పాత్ర అవుతుంది. నూట ఎనుబది ఏండ్లకు పైగా ఎందరో శ్రమించి నేర్చిన విద్యను అక్కడ మనము ఒక్క నిమిషపు తొందరకు విడిచిపెట్టుచున్నాము. ఈ వానకాలము రాకముందే కరెంటు ఆపి, ఇంటిచుట్టు, బావిచుట్టు ఉన్న అతుకులను తెలిసిన పనివానిచేత విప్పించి మరల వేయించుట ప్రతి గృహస్థుని విధి.